మెదడు బొమ్మకు తొందరెందుకు?

పోయినసారి స్కాలర్‌షిప్పుల పంపిణీకి హోసూరు వెళ్లాను. నా పని ఎం.ఆర్.ఐ. సంకేతాల లెక్కలని విని, ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బి.ఎస్సీ. ఫిజిక్సే చదువుతానంటోంది. మెదడు పనిచేస్తుంటే బొమ్మలు తీస్తారట, దాన్ని ఇంకా వేగంగా ఎందుకు తీయాలి బాబూ?" భోజనాల సందడిలో సరిగా చెప్పలేకపోయాను.

మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. ప్రాణవాయువు ఉన్న రక్తం, లేని రక్తం అయస్కాంత క్షేత్రంలో ఒకేలా ఉండవు. ఆ తేడాను సెయ్‌జీ ఒగావా బృందం 1990లో ఎలుకల మెదడులో చూపింది. 1992లో మనుషుల్లోనూ చూశారు.

అయితే ఈ రక్తం నిదానం. చెయ్యి కదిపిన అయిదారు సెకన్లకు గాని మార్పు పూర్తిగా కనబడదు. అలాంటప్పుడు రెండు మూడు సెకన్లకొక బొమ్మ చాలదా? ఆవిడ ప్రశ్నలో పస అదే. చిక్కు ఊపిరితో వస్తుంది. మూడు నాలుగు సెకన్లకొకసారి తీసే ఊపిరి కూడా బొమ్మలో పడుతుంది. సినిమాలో బండిచక్రం వెనక్కి తిరిగినట్లు కనిపిస్తుందే, అలాగే మూడు సెకన్లకొక బొమ్మ తీస్తే ఊపిరి నెమ్మదైన మార్పుగా వేషం వేసుకుని, మెదడు పనిలా భ్రమపెడుతుంది. బొమ్మలు దగ్గరదగ్గరగా తీస్తే దాన్ని విడిగా పట్టుకోవచ్చు.

పాత పద్ధతిలో మెదడును అరటికాయ చక్రాల్లా ఒక్కొక్క పొరగా కొలిచేవారు. ఒకేసారి అనేక పొరలను కొలిచే పద్ధతిని ఈ పనికి వాడి 2010లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు చూపారు. సంకేతాలన్నీ కలిసిపోతాయి. కాని తల చుట్టూ ఉన్న తీగచుట్టల్లో ఒక్కొక్కటి తన దగ్గరి పొరను గట్టిగా, దూరపు పొరను మెల్లగా వింటుంది. ఎంత గట్టిగా అన్నది ముందే కొలిచి ఉంచుతారు. ఇక మిగిలింది పదో తరగతి సమీకరణాలే. అక్కడ రెండు తెలియని రాశులు, రెండు సమీకరణాలు. అమెరికాలోని హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టులో ఎనిమిది పొరలు, 32 తీగచుట్టలు. మొత్తం 72 పొరలు 0.72 సెకనులో వచ్చాయి.

వేగం ఊరికే రాదు. పొరలు పెంచేకొద్దీ రొద పెరుగుతుంది, ఒక పొర సంకేతం మరొక పొరలోకి కారుతుంది. అలా కారినదాన్ని కొత్త విషయమనుకుని నేను మూడు వారాలు మురిసిపోయాను! పనికి వచ్చింది చివరికి మాత్రికల లెక్కే.

ఆ అమ్మాయికి ఆ పాఠం డిగ్రీలో వస్తుంది. అర్థం కాకపోతే ట్రస్టు చిరునామాకు ఉత్తరం రాయమనండి, నాకు అందజేస్తారు.