వంటింట్లో జర్మన్ పాఠాలు

ఈ పూట మీకో పరీక్ష సంగతి చెబుతాను. నిరుడు వేసవిలో మా అక్కగారి అమ్మాయి వచ్చీ రాగానే మా సోఫాలో కూలబడి ఏడ్చేసింది. పెళ్లయి ఏడు నెలలు. భర్త జర్మనీలో ఉంటాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు. ఆ దేశంలో 2007 నుంచి ఒక నిబంధన ఉంది. కాపురానికి వెళ్లే భార్య గానీ భర్త గానీ, వీసాకి ముందే జర్మన్ భాషలో మొదటి మెట్టు, అంటే ఏ-1 పరీక్ష, ప్యాసవాలి. కొన్ని రకాల ఉద్యోగాల మీద వెళ్లినవారి కుటుంబాలకు మినహాయింపు ఉందిలెండి, మా అల్లుడికి అది వర్తించలేదు. పరీక్షలో 100కి 60 రావాలి. మా పిల్లకి 53 వచ్చాయి.

"పుస్తకమంతా కంఠతా వచ్చు పిన్నీ, తీరా వాళ్లు అడిగేసరికి నోరు పెగల్లేదు" అంది.

నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. నా చదువు పదో తరగతితో సరి. అయినా ఆ మాటతో జబ్బెక్కడుందో తెలిసిపోయింది. నేను మొదటిసారి రేడియోలో మాట్లాడినప్పుడు, రికార్డు చేసింది నాకే వినిపించారు. మాటల చివర్లన్నీ మింగేస్తున్నాను! కాగితం మీద ప్రసంగం బాగానే ఉంది, నోట్లోనే పాడైపోయింది. ఈ పిల్ల కూడా ఆర్నెల్లుగా గది తలుపేసుకుని కళ్లతో చదివిందే గానీ, ఇంట్లో ఒక్కరికైనా వినపడేలా పలకలేదు. అందుకని చదువుని గదిలోంచి వంటింట్లోకి మార్చాం.

జర్మన్‌లో ప్రతి వస్తువుకీ ఆడా, మగా, రెండూ కానిదీ అని లింగభేదం ఉంది. మగకి డేర్, ఆడకి డీ, మూడోదానికి డాస్ అని పేరు ముందు పెట్టాలి. చెంచా మగది, డేర్ లొఫెల్. ఫోర్కు ఆడది, డీ గాబెల్. చాకు రెండూ కానిది, డాస్ మెసర్. ఎందుకూ అంటే కారణం లేదు, మాటతోపాటే నేర్చుకోవాలి. చీటీలు రాసి ఫ్రిజ్‌కీ, బల్లకీ, తలుపుకీ అంటించాం. విచిత్రమేమంటే 'అమ్మాయి' అనే మాట కూడా వాళ్లకి మూడో లింగమే. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మన తెలుగులో మాత్రం? 'అమ్మాయి వచ్చింది', 'ఆవు వచ్చింది' అనే కదా అంటాం! మన వ్యాకరణం ఏకవచనంలో ఆడవాళ్లని ఏ జాబితాలో వేసిందో గుర్తు చేసుకుని ఊరుకున్నాను.

మాట్లాడే పరీక్షలో ముందు తన గురించి చెప్పుకోవాలి. పేరు అక్షరం అక్షరం విడదీసి పలకమంటారు, ఏదో ఒక నంబరు చెప్పమంటారు. తర్వాత ఒక మాట రాసిన కార్డు ఇస్తే దాని మీద ప్రశ్న వేయాలి. ఇంకో కార్డు మీద బొమ్మ చూసి, ఆ వస్తువు గురించి ఎదుటివాళ్లని మర్యాదగా ఏదైనా కోరాలి. ఈ ఆఖరిది మాకు బాగా కలిసొచ్చింది. చెంచా నా చేతిలో పట్టుకుని "అడుగు, ఇస్తాను" అనేదాన్ని. "గేబెన్ జీ మియర్ బిటె డేన్ లొఫెల్" అనాలి. దయచేసి చెంచా ఇవ్వండి అని. ఇక్కడ డేర్ కాస్తా డేన్ అవుతుంది. ఈ మార్పు మగవాటికే, డీ, డాస్ అలాగే ఉంటాయి. భాష రాకపోయినా ఆ 'న్' వినపడిందో లేదో నాకు తెలుస్తుంది కదా! వినపడకపోతే చెంచా ఇచ్చేదాన్ని కాదు. మొదటి వారం పాపం పెరుగన్నం చేత్తోనే కలుపుకుంది.

ఆ 'జీ' అంటే మన 'మీరు'. ఇంట్లోవాళ్లనీ, స్నేహితులనీ 'డూ' అంటారు, అంటే 'నువ్వు'. ఇంగ్లీషులో లేని ఈ భేదం మనకి ఉగ్గుపాలతో వచ్చిందే. కాకపోతే అక్కడ మామూలుగా అత్తమామల్ని కూడా 'డూ' అనే పిలుస్తారట. అది వినేసరికి మా పిల్ల నాలిక కరుచుకుంది.

అంకెలు ఇంకో తలనొప్పి. 45ని వాళ్లు 'అయిదూ నలభై' అన్నట్టు తిరగేసి చెబుతారు. విని రాసేటప్పుడు 54 పడిపోతుంది. అందుకని పాల లెక్కా, కూరల ధరలూ, ఫోను నంబర్లూ అన్నీ ఫోనులో జర్మన్‌లో రికార్డు చేసి, మర్నాడు తనే విని రాసేది. రాసింది నేను లెక్కల పుస్తకంతో సరిచూసేదాన్ని.

ఉచ్చారణకి అద్దం మించిన గురువు లేడు. వాళ్లకి ఒక వింత 'ఉ' ఉంది. నాలుకని 'ఈ' అనేచోట ఉంచి, పెదవుల్ని 'ఊ' అన్నట్టు సున్నా చుట్టాలి. అలాగే 'ఏ' అంటూ పెదవుల్ని 'ఓ'లా చుడితే ఇంకోటి. ఆ రెండోది సరిగ్గా పలక్కపోతే 'అందమైన' అనే మాట 'అప్పుడే' అనే మాటై కూర్చుంటుంది. ఇంగ్లీషు అలవాటు కూడా అడ్డే. 'ఫాటర్' అంటే తండ్రి, రాసేటప్పుడు మాత్రం మొదట ఇంగ్లీషు 'వి' అక్షరం ఉంటుంది.

తెలుగువాళ్లకి అనుకూలమైందీ ఒకటుంది. 'ఎందుకంటే' అని మొదలుపెట్టిన వాక్యంలో క్రియ చివరికి పోతుంది. "వైల్ ఇష్ రైస్ కొఖె", ఎందుకంటే నేను అన్నం వండుతాను. మాట పక్కన మాట పెట్టి చూడండి, మన వరసే! ఇంగ్లీషు మీదుగా అనువాదం చేసుకునేటప్పుడు తడబడిన పిల్ల, తెలుగులోంచి నేరుగా వెళ్లేసరికి తప్పులు తగ్గించుకుంది.

వినడానికి జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వారి ఉచిత పాఠాలు ఫోనులోనే దొరుకుతాయి. 'నికోస్ వేక్' అని, జర్మనీకి వచ్చి సంచీ పోగొట్టుకున్న ఒక కుర్రాడి కథ. అంట్లు తోముతూ నేనూ వినేదాన్ని.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు వెళ్లింది. 78 వచ్చాయి. ఇప్పుడు అక్కడే ఉంది, మామూలుగా 600 గంటలు భాష నేర్పే ప్రభుత్వ కోర్సులో చేరింది. మొన్న వీడియోలో మాట్లాడుతూ, "పిన్నీ, ఫ్రిజ్ మీద చీటీ ఇంకా ఉందా?" అంది. ఉంది. నూనె జిడ్డు పట్టి సగం చెరిగిపోయినా, డేర్ అన్న మాట మాత్రం కనిపిస్తోంది.