ఇంటిలో బిట్‌కాయిన్ గని: కరెంటు లెక్క

మన ప్రాంతమునకు గని యన్న మాట కొత్త కాదు. ఇల్లందులో 1889లో బొగ్గు త్రవ్వకము మొదలైనది. 1966 నుండి పాల్వంచలో బొగ్గు విద్యుత్తగుచున్నది. ఆ విద్యుత్తుతో ఇంటి గదిలోనే బిట్‌కాయిన్ త్రవ్వవలెనను ఉత్సాహము గల విద్యార్థి మిత్రులకు, యంత్రము కొనుటకు ముందే ఈ లెక్క చూపదలచితిమి.

ఈ గనిలో పలుగుపారలు లేవు. యంత్రము సెకనుకు లక్షల కోట్ల పర్యాయములు గణించి ఒక సంఖ్యను వెదకును. 2009లో సాధారణ కంప్యూటరు చాలినది. నేడు అందులకే చేసిన ఏసిక్ యంత్రము కావలెను. గ్రాఫిక్స్ కార్డులతో ఈథర్ సంపాదించు మార్గము 2022 సెప్టెంబరులో మూతపడినది. పాత కార్డులు చవుకగా వచ్చినవని మురియరాదు.

ధర కంటె ముందు, ఒక టెరాహాష్‌కు ఎన్ని వాట్లు కావలయునో చూడవలెను. పాత ఆంట్‌మైనర్ ఎస్9కు సుమారు 100 వాట్లు, ఎస్19 ప్రోకు 30. అయినను ఈ రెండవది మొత్తము 3,250 వాట్లు తీసుకొనును. అనగా దినమునకు 78 యూనిట్లు, నెలకు 2,340. యూనిట్టు పది రూపాయలనుకొన్నచో బిల్లు 23,400 రూపాయలు. మరి రాబడి? 2024 ఏప్రిల్ తరువాత లోకమంతటికి దినమునకు పుట్టు నాణెములు సుమారు 450 మాత్రమే. లోకములోని యంత్రముల బలము 600 ఎక్సాహాష్‌లనుకొన్నచో మన వంతు నెలకు 0.0025 నాణెము. నాణెము వెల అరువది లక్షలైనను పదిహేను వేలు మించదు!

ఇక పవర్ సప్లై. కార్డులకు 900 వాట్లు కావలసినచో, నూటికి 90 పాళ్లు సామర్థ్యము గలది గోడనుండి 1,000 వాట్లు తీసుకొనును. 80 పాళ్లదైనచో 1,125. రాత్రింబవళ్లు నడిచినచో ఆ భేదమే నెలకు 90 యూనిట్లు. అదంతయు వేడిగా మారును. కొత్తగూడెము మే నెల ఎండలో ఆ వేడిని బయటికి పంపుట మరియొక ఖర్చు. 900 వాట్ల పనికి 1,200 వాట్ల పెట్టెయే తగినది, నిరంతర భారము దాని శక్తిలో 80 పాళ్లు దాటరాదు గదా. 54 వాట్లు మాత్రమే మోయగల సాటా తీగెకు 75 వాట్ల రైజరు తగిలించినచో కొన కరగిపోవును. ఎస్19 ప్రో 14 ఆంపియర్లు లాగును; ఫ్యానుకు పెట్టు 6 ఆంపియర్ల సాకెట్టులో దానిని గుచ్చుట ప్రమాదము. వేరు తీగె, తగిన ఎం.సి.బి., మంచి ఎర్తింగు ఉండవలెను. అడవి అంచు గ్రామములలో గాలివానకు చెట్లు తీగెలపై పడి వోల్టేజి తారుమారగుట యెరిగినదే.

లాభము వచ్చినను 2022 ఏప్రిల్ 1 నుండి దానిపై నూటికి 30 వంతుల పన్ను కలదు. యంత్రము ఖరీదు గాని, కరెంటు బిల్లు గాని అందులో మినహాయింపబడవు.