చలికాలమున డీజిలు బండి - గ్లో ప్లగ్గుల సంరక్షణ

మన గ్రామములలో నేడు డీజిలు బండితో పనిలేని ఇల్లు అరుదు. ధాన్యము మిల్లునకు చేర్చుటకు, ఎరువులు ఊరికి తెచ్చుటకు, కూరగాయలు సంతకు పంపుటకు, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన గర్భిణిని ఆసుపత్రికి చేర్చుటకు ఈ బండియే ఆధారము. అట్టి బండి అవసరమైన వేళ కదలకపోయినచో కలుగు నష్టము రూపాయలలో లెక్కింప వీలుకానిది. చలి ఉదయములందు బండి మొరాయించుటకు ముఖ్య కారణములలో ఒకటి గ్లో ప్లగ్గు అను చిన్న భాగము. మెకానిక్కులు దీనినే హీటరు ప్లగ్గు అందురు. దీనిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు ఈ దిగువ వివరింపబడినవి.

తీరమున దాగి, కొండపై బయటపడు లోపము

విశాఖపట్నము తీరమున చలికాలములో కూడ చలి తీవ్రముగ నుండదు. ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు సరకు చేరవేయు చిన్న లారీలు, వ్యానులలో ఒకటి రెండు గ్లో ప్లగ్గులు చెడినను అచట ఇంజను స్టార్టగును. కనుక యజమానికి లోపము తెలియదు. అదే బండి నర్సీపట్నము మీదుగా ఘాటు రోడ్డెక్కి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున గల లంబసింగిలో ఒక రాత్రి నిలిచినచో పరిస్థితి మారును. ఆ గ్రామమున కొన్ని సంవత్సరములలో ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగినది. తెల్లవారి తాళము తిప్పగా ఇంజను తిరుగునే గాని అందుకొనదు. తెల్లని పొగ మాత్రము వెలువడును. లోపము పుట్టినది కొండపై కాదు, బయటపడినది మాత్రమే కొండపై.

ఇంజను పనిచేయు విధము

పెట్రోలు ఇంజనులో వలె డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ సిలిండరులోని గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలో చిమ్మబడిన డీజిలు తనంతట తానే మండును. 1897లో జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ జయప్రదముగ నడిపి చూపిన ఇంజనులోని సూత్రము ఇదియే. అయితే ఇనుము చల్లబడియున్నప్పుడు గాలిలోని వేడిని సిలిండరు గోడలు పీల్చివేయును. ఆ లోటు తీర్చునదే గ్లో ప్లగ్గు. సిలిండరున కొకటి చొప్పున అమర్చిన ఈ ప్లగ్గుల కొన బ్యాటరీ విద్యుత్తుతో కొలది సెకనులలో ఎర్రగా కాలును. అద్దము క్రింది బల్లపై చుట్టతీగ గుర్తు గల దీపము ఆరిన పిదపనే స్టార్టు చేయవలెను.

టర్బో ఇంజనులో ఇంకొక విశేషము కలదు. వెలుపలికి పోవు పొగ వేగముతో తిరిగి, గాలిని ఇంజనులోనికి నెట్టు చక్రమే టర్బో. స్టార్టు చేయు క్షణమున పొగ ఉండదు గనుక టర్బో సహాయమును ఉండదు. పైగా టర్బో గొట్టములు ప్లగ్గులకు అడ్డుగా నుండుటచే వాటిని చేరుట కష్టము. పెద్ద లారీలలో పెక్కింటికి గ్లో ప్లగ్గులు ఉండవు. కొన్నింటిలో గాలి మార్గమున వేడిచేయు పరికరముండును. తమ బండికి ఏది గలదో యజమాని ముందుగ తెలిసికొనవలెను.

మార్చు పద్ధతి

మొదట బ్యాటరీ బలమును, ఫ్యూజును, రిలేను పరీక్షింపవలెను. అన్ని ప్లగ్గులు ఒకేసారి పనిచేయనిచో దోషము సాధారణముగ రిలే యందో, ఫ్యూజు నందో ఉండును. పిదప ఒక్కొక్క ప్లగ్గు తీగను విడదీసి మీటరుతో చూడవలెను. విద్యుత్తు ఏమాత్రము పారని ప్లగ్గు కాలిపోయినట్లే.

ప్లగ్గులను విప్పుటకు ముందురోజు సాయంకాలమే వాటి మొదట తుప్పు వదల్చు నూనె వేయవలెను. మరునాడు ఇంజనును నడిపి వెచ్చబరచి ఆపవలెను; వెచ్చదనమునకు మరలు వదులగును. టర్బో భాగములు చేయి కాల్చును గనుక వాటిని తాకరాదు. బ్యాటరీ తీగ తీసి, అడ్డుగా నున్న గాలి గొట్టమును విప్పి, తెరచిన నోళ్లను శుభ్రమైన గుడ్డతో మూయవలెను. జారిపడిన చిన్న నట్టు ఒక్కటి టర్బో చక్రమును పాడుచేయగలదు. పొడవైన సాకెట్టును, వంగు జాయింటును ఉపయోగించి, కొంచెము వదులు చేయుచు, మరల కొంచెము బిగించుచు ఓపికతో త్రిప్పవలెను.

ప్లగ్గు బిగిసిపోయినచో బలము చూపరాదు. 10 మిల్లీమీటర్ల మర గల ప్లగ్గు సుమారు 35 న్యూటన్ మీటర్ల బలమునకే విరిగిపోవచ్చును. లోపల విరిగిన ముక్కను తీయుటకు ఒక్కొక్కప్పుడు సిలిండరు హెడ్డునే విప్పవలసి వచ్చును. అప్పుడు ఖర్చు ప్లగ్గు వెలకు ఎన్నో రెట్లగును. క్రొత్త ప్లగ్గు అదే నంబరు, అదే వోల్టు గలదై యుండవలెను. రంధ్రములోని మసిని తీసి, మొదట చేతితోనే మర ఎక్కించి, తయారీదారు పుస్తకములో చెప్పిన మేరకు టార్కు రెంచితో బిగించవలెను. ఒకటి కాలిపోయినప్పుడు అన్నింటిని మార్చుట మేలు. ఇంత శ్రమ పడి చేరిన చోటికి మరల పోవలసిన పని యుండదు.

చేయరాని పనులు

ఇంజను క్రింద మంట పెట్టుట ప్రాణాపాయకరము. గ్లో ప్లగ్గులున్న ఇంజనులోనికి ఈథరు స్ప్రే కొట్టుటయు అట్టిదే. కాలుచున్న ప్లగ్గు కొనకు అది తగిలి, సమయము కాకమునుపే పేలి, పిస్టను పగులవచ్చును.

సభ్యుల కర్తవ్యము

స్టార్టు కాని ఇంజనును వెచ్చబరచు టెట్లు? అందుచేతనే ఈ పనిని చలి ముదరకముందే, కార్తీక మాసములోనే, మైదానముననే చేయింపవలెను. సభ్యులు తమ గ్రామపు బండ్ల యజమానులను, డ్రైవర్లను ఒకచోట చేర్చి ఈ సంగతి తెలుపవలెను. గాజువాక సమీపమున గల ఆటోనగరు వంటి చోట్లకు సరకు దింపుటకు పోయిన రోజుననే ప్లగ్గులను పరీక్ష చేయించుకొనవచ్చును. గ్రామములోని యువకులు ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు శిక్షణ పొందునట్లు ప్రోత్సహించుట ఇంకను మేలు. కార్తీకమున వెచ్చించిన ఒక పూట, పుష్యమాసపు చలిలో ఒక నిండు ప్రాణమును కాపాడవచ్చును.