టర్బైన్ హాల్లో బొమ్మలు: టేట్ మోడర్న్ చూడడం ఎలా?

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో లండన్ వస్తున్నారంటే మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. టవర్ బ్రిడ్జి, కోహినూరు వజ్రం, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు, నీస్డన్ గుడి. థేమ్స్ దక్షిణపు ఒడ్డున, సెయింట్ పాల్స్ చర్చికి ఎదురుగా ఉన్న టేట్ మోడర్న్ మ్యూజియానికి ఆ జాబితాలో చోటు దొరకడం అరుదు. వెళ్ళినవాళ్ళు కూడా "పిల్లల గీతల్లా ఉన్నాయి, మనకేం అర్థమవుతాయి?" అని అరగంటలో బయటపడి, మిలీనియం బ్రిడ్జి మీద ఫోటోలు దిగి వచ్చేస్తారు.

ఆధునిక చిత్రకళ గురించి పుస్తకాలు చదివాకే అక్కడికి వెళ్ళాలని నేననుకోను. ఎదుటి వస్తువు దేనితో తయారైంది, ఎలా తయారైంది అని ముందు అడిగితే చాలు. "దీని అర్థమేమిటి?" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టవచ్చు. అలా చూడడానికి ఆ భవనమే మంచి గురువు, ఎందుకంటే అది మ్యూజియం కోసం కట్టింది కాదు.

అది బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. చమురు మండించి కరెంటు తీసే కేంద్రం. లండన్ ఎర్ర టెలిఫోన్ బూత్‌కి రూపమిచ్చిన గైల్స్ గిల్బర్ట్ స్కాటే దీని ఆర్కిటెక్ట్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పని మొదలుపెట్టి, రెండు దశల్లో 1963కి పూర్తి చేశారు. మధ్యలో ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టం ఎత్తు 99 మీటర్లు. ఎదుటి ఒడ్డున సెయింట్ పాల్స్ ఎత్తు 111 మీటర్లు. గుడి గోపురాన్ని పొగగొట్టం మించకూడదన్న మర్యాద అన్నమాట. చమురు ధరలు పెరిగి, నడపడం గిట్టుబాటు కాక 1981లో మూసేశారు. కొన్నేళ్ళు ఖాళీగా పడి ఉంది, కూలగొడతారన్న మాట కూడా వచ్చింది. చివరికి స్విట్జర్లాండ్‌కు చెందిన హెర్జోగ్, డి మ్యూరాన్ అనే ఆర్కిటెక్టులు గోడల్నీ పొగగొట్టాన్నీ అలాగే ఉంచి లోపల మ్యూజియంగా మార్చారు. 2000 మే నెలలో తెరిచారు.

2016 వేసవిలో నాన్నగారిని తీసుకెళ్ళాను. ఆయన ఉద్యోగమంతా పాల్వంచలో, కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో, టర్బైన్ల మరమ్మతు విభాగంలో గడిచింది. బొమ్మలంటే ప్రత్యేకించి ఆసక్తి లేదు. పడమటి ద్వారం నుంచి వాలుగా దిగి, 152 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు ఉన్న ఆ హాల్లో నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇది టర్బైన్ హాలే కదూ! పైన క్రేను కూడా తియ్యలేదు చూడు" అన్నారు.

ఆ తర్వాత గైడు పని ఆయనదే. నది వైపు గ్యాలరీలున్న భాగం బాయిలర్ హౌసు, మధ్యలో టర్బైన్లు, దక్షిణాన స్విచ్ హౌసు. పాల్వంచలో కిన్నెరసాని నీళ్ళు కూలింగ్ టవర్లలో చల్లబడితే, ఇక్కడ పక్కనే నది ఉంది కాబట్టి టవర్ల అవసరం రాలేదట. నేను పదిసార్లు చూసిన హాలుని ఆ రోజే సరిగ్గా చూశాను. అన్నట్టు, పాల్వంచ పాత స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో పేల్చేశారు. పాల్వంచలోనూ ఒక టేట్ పెట్టాలని నేననను. ఖర్చు, జనం, ఊరు అన్నీ వేరు. కానీ ఒక్క టర్బైన్ హాలునైనా ఏదో ఒకందుకు ఉంచుదామని ఎవరైనా గట్టిగా అడిగారా అన్నది మాత్రం నన్ను వదలడం లేదు. ఫోన్లో ఆ వీడియో చూసిన రోజు నాన్నగారు భోజనం దగ్గర ఏమీ మాట్లాడలేదు.

ఈ హాల్లో ఏటా ఒకరితో పెద్ద పని చేయిస్తారు. 2003లో ఒలాఫర్ ఎలియాసన్ ఇక్కడ పసుపుపచ్చ సూర్యుణ్ణి వెలిగించాడు. 2010లో ఐ వేవే దాదాపు పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. నా మటుకు నాకు అన్నిటికన్నా గట్టిగా తాకింది 2007 నాటిది. కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో నేలని ఈ కొస నుంచి ఆ కొసదాకా, 167 మీటర్ల మేర పగలగొట్టింది. పేరు 'షిబ్బొలెత్'. బైబిల్లో ఒక కథ ఉంది. ఓడిపోయి నది దాటబోయే శత్రువుల చేత ఈ మాట పలికించేవారు. 'ష' అనలేక 'స' అన్నవాణ్ణి చంపేసేవారు. శ, ష, సలు సరిగ్గా పలకలేదని తరగతిలో నిలబడ్డ వాళ్ళకీ, ఈ దేశంలో ఫోనులో ఒకే మాటని మూడుసార్లు చెప్పాల్సి వచ్చిన వాళ్ళకీ ఆ కథ విడమరచి చెప్పక్కర్లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళకీ యూరప్‌కీ మధ్య ఉన్న పగులు అది అని ఆమె ఉద్దేశం. తర్వాత పూడ్చేశారు కానీ అతుకు కనిపిస్తూనే ఉంది. నాన్నగారు వంగి, "పునాది కుంగిందా?" అని అడిగారు. కారణం చెప్పాను. ఆ గీత వెంబడే చివరిదాకా నడిచారు.

ఇక ఇటుకలు. నేలమీద 120 ఇటుకలు, రెండు వరసల ఎత్తున, దీర్ఘచతురస్రంగా. అంతే. అమెరికన్ శిల్పి కార్ల్ ఆండ్రే 1966లో చేసిన 'ఈక్వివలెంట్ 8'. టేట్ 1972లో కొన్నది. 1976లో పత్రికలు ప్రజల సొమ్ముతో ఇటుకలు కొన్నారని గొడవ చేశాయి, ఒకాయన నీలిరంగు కూడా పోశాడు. నాన్నగారు తిట్టలేదు. "ఇవి ఫైర్ బ్రిక్స్, కొలిమి లోపల వాడేవి" అన్నారు. నిజమే. మొదట్లో వాడిన మామూలు ఇటుకల్ని, బొమ్మ అమ్ముడుపోక తిరిగి ఇచ్చేసి, తర్వాత ఈ రకంతో మళ్ళీ చేశాడు. ఒక వరసకి 60. అరవైని 3×20, 4×15, 5×12, 6×10గా పేర్చవచ్చు. ఇటుకని నిలువుగానో అడ్డంగానో పెట్టవచ్చు కాబట్టి నాలుగు రెళ్ళు ఎనిమిది ఆకారాలు. ఇది ఎనిమిదోది. ఎనిమిదింటికీ ఎత్తు ఒకటే, ఘనపరిమాణం ఒకటే, కంటికి మాత్రం ఏదీ మరోదానిలా ఉండదు. ఈ లెక్క మేమిద్దరం ఒక బల్ల మీద కూర్చుని మ్యూజియం కాగితం వెనక వేశాం. అది గొప్ప కళా అంటే నేను వాదించను. కానీ మోసం మాత్రం కాదు.

ఆ వేసవిలోనే భూపేన్ ఖక్కర్ ప్రదర్శన జరుగుతోంది. బరోడాలో అకౌంటెంటు ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసిన మనిషి. 1981లో వేసిన ఒక బొమ్మని టేట్ 1996లో కొన్నది. ఆ బొమ్మ పేరే ప్రదర్శనకీ పెట్టారు. 'అందరినీ మెప్పించలేవు' అని దాని అర్థం. బాల్కనీలో ఒక మనిషి బట్టల్లేకుండా, మనకి వీపు చూపిస్తూ నిలబడి ఉంటాడు. కింద వీధిలో తండ్రి, కొడుకు, గాడిద.

నాన్నగారు ముందు చూపు తిప్పుకున్నారు. గాడిదని చూశాక దగ్గరికి వెళ్ళారు. చందమామల రోజుల నుంచీ తెలిసిన కథే కదా: కొడుకు ఎక్కితే ఒక మాట, తండ్రి ఎక్కితే ఇంకో మాట, చివరికి గాడిదనే మోసుకుపోయిన కథ. ఖక్కర్ పురుషుల్ని ప్రేమించే మనిషి. ఏళ్ళ తరబడి దాచుకున్న ఆ సంగతిని ఈ బొమ్మతో బయటపెట్టాడని చెబుతారు. ఇది నాన్నగారికి ఎలా చెప్పాలా అని తటపటాయించి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు ఊరుకుని, "అయితే వీడు గాడిదని మొయ్యడం మానేశాడన్నమాట" అన్నారు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. టేట్ సొంత సేకరణ చూడడానికి టిక్కెట్టు లేదు, ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం కొనాలి. గోడల మీది బొమ్మలు మారుతూ ఉంటాయి. ఇటుకలో గాడిదో చూడాలనుకుంటే ముందే కనుక్కుని వెళ్ళండి. సెయింట్ పాల్స్ వైపు నుంచి వంతెన దాటి రండి, పొగగొట్టం సూటిగా ఎదురుగా కనిపిస్తుంది.