చలికాలంలో ఫ్యాన్ వేసే అమ్మ

డిసెంబరు నెల. అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ ముసుగుతన్ని పడుకున్నారు. ఉన్నట్టుండి నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరగడం మొదలైంది. 'ఈ చలిలో ఫ్యానేంటే?' అని నాన్న విసుక్కుంటే, 'ఒక్క అయిదు నిమిషాలండీ...' అంది అమ్మ. లేచి చూస్తే మంచం అంచున కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. కాసేపటికి ఫ్యాను ఆపేసి, ఈసారి వణుకుతూ దుప్పటి లాక్కుంది.

మా ఇంట్లో చాలాకాలం అదో జోకు. 'అమ్మని ఊటీ తీసుకెళ్లినా ఏసీ గది కావాలంటుంది' అని నవ్వుకునేవాళ్లం. అమ్మా నవ్వేది. ఆ ఏడాదే ఆమె పేరంటాలకు వెళ్లడం ఎందుకు మానేసిందో, పట్టుచీరలు బీరువా అడుగుకి ఎందుకు చేరాయో, కూరలో ఉప్పెక్కువైందన్నందుకు వంటింట్లోకెళ్లి ఎందుకు ఏడ్చిందో మాకెవరికీ తట్టలేదు. అప్పుడామెకు 46 ఏళ్లు. ఇది రాస్తున్న నాకిప్పుడు 47. ఫ్యాను స్విచ్చు చేతికందేలా మంచం జరుపుకున్నాక గానీ ఆ జోకులో నవ్వడానికేమీ లేదని అర్థం కాలేదు.

ముట్లుడగడం, నెలసరి ఆగిపోవడం, మెనోపాజ్... పేరేదైనా ఆడపుట్టుక పుట్టినవారందరూ దాటాల్సిన మలుపే. అమ్మాయి పెద్దమనిషైతే ఊరంతా పిలిచి ఫంక్షన్ చేస్తాం. అదే నెలసరి ఆగిపోతున్నప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోం.

ఆగిపోయిందని ఎప్పుడనాలి?

వరసగా 12 నెలలపాటు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. అయితే గడబిడంతా ఆ రోజున మొదలవదు. అంతకు నాలుగైదేళ్ల ముందునుంచే లెక్క తప్పుతుంది. ఓ నెల ఇరవై రోజులకే వస్తుంది. ఇంకోసారి రెండు నెలలైనా రాదు. ఒకసారి అధిక రక్తస్రావం, మరోసారి నామమాత్రం. నిద్ర పట్టకపోవడం, గుండెదడ, కీళ్లనొప్పులు, చిరాకు, చేతిలో తాళాలు పెట్టుకుని ఇల్లంతా వెతుక్కోవడం... ఇవన్నీ ఆ రోజుల్లోనే పలకరిస్తాయి.

పాశ్చాత్య దేశాల్లో మెనోపాజ్ సగటు వయసు 51 ఏళ్లు. మనదేశంలో 46-47. నలభై ఏళ్లలోపే నెలసరి ఆగిపోతే మాత్రం 'పోనీలే, పీడా వదిలింది' అనుకోకూడదు. తప్పకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మెదడులో థర్మోస్టాట్

ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ ఉంటుంది కదా... వేడి ఓ హద్దు దాటగానే టక్కున ఆపేస్తుంది. మన మెదడులో హైపోథాలమస్ అనే భాగం అలాంటిదే. మామూలుగా ఒంటి ఉష్ణోగ్రత కొద్దిగా అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను అక్కడి కొన్ని నాడీకణాలను అదుపులో ఉంచుతుంది. నలభైల్లో ఈస్ట్రోజెన్ తగ్గడం మొదలయ్యేసరికి ఆ కణాలు చెలరేగిపోతాయి. దాంతో థర్మోస్టాట్ మరీ సున్నితంగా తయారవుతుంది. ఓ కప్పు వేడి కాఫీ, పొయ్యి సెగ, కాస్త కంగారు చాలు... 'ఒళ్లు కాలిపోతోంది' అని తప్పుడు కబురు వెళ్లిపోతుంది.

ఇక శరీరం తన పని తాను చేస్తుంది. చర్మం కిందున్న రక్తనాళాలు విప్పారతాయి. ఛాతీ నుంచి మెడకీ, ముఖానికీ వేడి ఎగదన్నుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చెమట ధారకడుతుంది. నిజానికి ఒంట్లో అదనపు వేడేమీ లేదు కాబట్టి, ఆ చెమట ఆరగానే చలి పుడుతుంది. అమ్మ ఫ్యాను వేసుకోవడం, వెంటనే దుప్పటి కప్పుకోవడం... రెండూ అందుకే. ఇవే వేడి ఆవిర్లు. డాక్టర్లు హాట్ ఫ్లషెస్ అంటారు. ఒక్కోటి ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉంటుంది. కొందరికి వారానికోసారి, ఇంకొందరికి రోజుకి పదిపదిహేను సార్లు.

'ఒకటి రెండేళ్లు ఓర్చుకో, అదే తగ్గిపోతుంది' అంటారు పెద్దవాళ్లు. కొందరి విషయంలో నిజమే. కానీ అమెరికాలో వేలమంది మహిళలను ఏళ్ల తరబడి గమనిస్తూ చేసిన అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగంమందికి అవి ఏడేళ్లకు పైగా కొనసాగాయని తేలింది. ఏడేళ్లు సరైన నిద్ర లేకుండా ఉద్యోగమో, ఇంటి చాకిరో చేయమంటే ఎవరి వల్ల అవుతుంది?

సంచి తీయించేస్తే...

మన రెండు రాష్ట్రాల సంగతి కాస్త వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇలా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగంమందికి ఆనాటికి 34 ఏళ్లు కూడా నిండలేదు.

'పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచితో పనేముంది?' అనే మాట మన ఊళ్లలో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో! క్యాన్సర్‌కో, ఏ మందులకూ లొంగని రక్తస్రావానికో తప్పనిసరై తీయించుకోవడం వేరు. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ తీయించేసుకోవడం వేరు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసేస్తే ఆ మర్నాటి నుంచే మెనోపాజ్. ఏళ్లమీద మెల్లగా తగ్గాల్సిన హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లూ తీవ్రంగా ఉంటాయి. ఎముకలూ, గుండే ముందే దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకూ ఇలాంటివారు హార్మోన్లు వాడటం మంచిదని నిపుణులు సూచిస్తారు. ముప్ఫయ్యయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకుని పొలం పనిలో కుప్పకూలుతున్న ఎంతమందికి ఈ మాట చెప్పేవారున్నారు?

అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీస్తే వెంటనే మెనోపాజ్ రాదు గానీ ఒకట్రెండేళ్లు ముందే రావొచ్చు. పైగా నెలసరి ఉండదు కనక వచ్చిన సంగతే తెలీదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే బీరువాలో ఉన్న డిశ్చార్జి కాగితం ఓసారి తీయండి. అండాశయాలు ఉంచారో తీశారో అందులో రాసి ఉంటుంది. మీకు అర్థం కాకపోతే డాక్టరుకు చూపించండి. అన్నట్టు, పిల్లలు పుట్టకుండా చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కీ మెనోపాజ్‌కీ సంబంధం లేదు.

హార్మోన్లంటే భయమెందుకు?

తగ్గిన ఈస్ట్రోజెన్‌ను బయటినుంచి ఇవ్వడమే హార్మోన్ చికిత్స. ఆవిర్లకు దీన్ని మించిన మందు ఇప్పటికీ లేదు. మరి ఆ పేరెత్తితే 'అమ్మో, క్యాన్సర్ వస్తుందట' అంటారెందుకు? దానికో కథ ఉంది. 2002 జులైలో అమెరికాలో 16,608 మంది మహిళలపై జరుగుతున్న పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు ఎక్కువయ్యాయన్నది కారణం. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. లక్షలమంది రాత్రికి రాత్రే మాత్రలు మానేశారు.

పెరిగిన ముప్పు ఎంత? పదివేలమందిలో ఏడాదికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనం. పైగా ఆ ప్రయోగంలో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆవిర్లతో అవస్థపడే 48 ఏళ్లావిడకు ఆ లెక్క యథాతథంగా వర్తించదని తర్వాత విశ్లేషణల్లో తేలింది. అరవై ఏళ్లలోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటనివారు, బాధలు ఎక్కువగా ఉంటే హార్మోన్లు వాడొచ్చనీ, వారికి నష్టంకన్నా మేలే ఎక్కువనీ ఇప్పుడు నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. ఈ మందుల డబ్బాలమీద ఉండే గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు జబ్బుల హెచ్చరికలను తొలగిస్తున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది కూడా.

అలాగని మందులషాపులో అడిగి తెచ్చుకునేవి కావివి. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే సంచి లోపలిపొరకు క్యాన్సర్ వచ్చే ముప్పుంది. వారు ప్రొజెస్టెరాన్ కూడా వాడాలి. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. హార్మోన్లు పడనివారికి వేరే మందులున్నాయి. మెదడులో చెలరేగిన ఆ నాడీకణాల సంకేతాన్నే అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అరుదుగానైనా కాలేయం దెబ్బతినొచ్చని ఆ తర్వాతి ఏడాదే దానికో గట్టి హెచ్చరిక తగిలించారు.

పక్కింటావిడ పొడి

అవిసెగింజలు, సోయా, మూలికల కషాయం... చుట్టుపక్కల ఎవరినడిగినా ఏదో ఒక చిట్కా చెబుతారు. చిత్రమేమిటంటే, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా చాలామందిలో ఆవిర్లు కొంత తగ్గుతాయి. కాబట్టి పక్కింటావిడ తన పొడి పనిచేసిందంటే అబద్ధమాడినట్టు కాదు. కానీ పరీక్ష పెట్టి చూస్తే అవిసెగింజలు ఉత్తుత్తి మందును దాటలేకపోయాయి. సోయాదీ అంతంతమాత్రమే. తింటే నష్టం లేదు, వాటినే నమ్ముకోకూడదంతే. యోగా, ప్రాణాయామం ఆవిర్ల లెక్కను తగ్గిస్తాయని గట్టిగా చెప్పలేం గానీ నిద్రకూ, మనసుకూ మంచివే. ఆవిర్లు తెచ్చే బాధను తట్టుకోవడానికి కౌన్సెలింగ్ పద్ధతుల్లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పనిచేస్తుందని రుజువైంది. బరువు ఎక్కువున్నవారు కొంత తగ్గినా తేడా తెలుస్తుంది.

నా మటుకు నేను ఓ చిన్న డైరీ పెట్టాను. ఆవిరి వచ్చినప్పుడల్లా టైమూ, అంతకుముందు ఏం తిన్నానో, ఏం చేశానో రాశాను. రెండు వారాల్లో దొంగ దొరికింది. సాయంత్రం నాలుగింటి స్ట్రాంగ్ కాఫీ, పదకొండింటి వంటిల్లు. కాఫీ మజ్జిగైంది. వంట ఏడులోపే అయిపోతోంది. సింథటిక్ నైటీలు పోయి నూలువి వచ్చాయి. ఆవిర్లు పోలేదు... కానీ సగానికి సగం తగ్గాయి. మీ దొంగ వేరే కావొచ్చు.

ఇవి మాత్రం దాచుకోవద్దు

ఈస్ట్రోజెన్ తగ్గితే యోని పొడిబారి కలయిక బాధాకరమవుతుంది. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు మళ్లీమళ్లీ వస్తాయి. ఆవిర్లు కాలంతోపాటు తగ్గినా ఇది తనంతట తాను తగ్గదు. అక్కడే రాసుకునే క్రీములున్నాయి. 'ఈ వయసులో ఇదేం అడుగుడు' అని సిగ్గుపడి ఆమె దూరం జరిగితే, 'నామీద ఇష్టం పోయింది' అనుకుంటాడాయన. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా సగం గొడవలు ఉండవు.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆగకూడదు. వెంటనే డాక్టరు దగ్గరకెళ్లాలి. చాలాసార్లు చిన్న కారణమే అవుతుంది, కొన్నిసార్లు క్యాన్సర్ తొలి సంకేతమూ కావొచ్చు. అలాగే ప్రతి దడనూ, ప్రతి చెమటనూ మెనోపాజ్ ఖాతాలో వేయొద్దు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. ఛాతీలో బరువుతో చెమట పడితే అది గుండెపోటు కావొచ్చు.

ఎముకలు కరిగే వేగం కూడా ఈ రోజుల్లోనే పెరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఈ దశ దాటిన మహిళలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు దొరుకుతుంది. రాగిజావ, గ్లాసు పాలు, పెరుగు, నువ్వులుండ, కాస్త ఎండ, రోజూ నడక.

మొన్న అమ్మకి ఫోన్ చేశాను. ఇప్పుడామెకు 72. 'అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?' అని అడిగా.

'ఏమని చెప్పను? దానికో పేరుందని తెలిస్తే కదా' అంది. కాస్త ఆగి, 'మీ అమ్మమ్మ ఆ వయసులో మాఘమాసం చలిలో పెరట్లో నులకమంచం వేసుకుని పడుకునేది. గాలి సోకిందేమోనని మా నాన్న తాయెత్తు కట్టించాడు' అంది.

ఈసారి ఇద్దరం కలిసే నవ్వుకున్నాం.