పని తలపెట్టుటకు ముందు వ్రాయవలసిన పత్రము

గ్రామపెద్దలారా,

“మా చెరువును బాగుచేయింపుడు” అని అర్జీ వ్రాయుట సులభము. కాని మనకేమి కావలెనో ఆ మాటలో లేదు. చదివినవారు పూడిక తీయింపవచ్చును. లోపము తూములో నున్నచో ధనము వ్యయమగును గాని చివరి మడి తడియదు. కావున ఏ పనికైనను, ఎట్లు చేయవలెనో యోచించుటకు ముందు ఏమి కావలెనో వ్రాసికొనవలెను. దానినే ఆవశ్యకతాపత్ర మందము.

మొదట అవసరమును ఉపాయమును వేరుచేయవలెను. వనపర్తి ప్రాంతమున 1949లో ఆరంభమై 1959లో పూర్తియైన సరళాసాగరమునందు మిగులునీరు సైఫనులగుండ తనంతట తానే వెడలునట్లు కట్టిరి. తలుపులెత్తు మనిషి అక్కరలేదు. సైఫను ఉపాయము. “అర్ధరాత్రి వరద వచ్చినను, ఎవరి చేయియు తగులకయే మిగులునీరు పోవలెను” అనునది అవసరము. అవసరము తెలిసినగాని ఉపాయముల మంచిచెడ్డలు తూచలేము. 2019 డిసెంబరు 31వ తేదీన ఆ జలాశయపు కట్టకు గండిపడినది. కట్ట పదిలము, ఏటేట పరీక్ష, దానికి బాధ్యుడు అనునవి అలుగుతో కలిసిపోవు విషయములు కావు. వానిని వేరుగా వ్రాయవలెను.

రెండవది కొలత. “తగినంత నీరు” అనిన చాలదు. రాజోలిబండ కాలువ క్రింద నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో 87,500 ఎకరములకు 15.9 టి.ఎం.సి.లు నిర్ణయింపబడినవి. ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఈ అంకెలు కాగితముపై నున్నందుననే లోటును లెక్కగట్టి అడుగుటకు వీలైనది. అయితే ఆనకట్టవద్ద కొలిచిన నీరంతయు పొలము చేరదు. కావున ఎంత యనుటయే గాక, ఎచ్చట కొలువవలెనో కూడ వ్రాయుడు. “తూమెత్తిన మూడవనాటికి చివరి మడిలో నీరు నిలువవలెను” అనిన, పని ముగిసినపిమ్మట ఎవ్వరైనను పోయి చూడవచ్చును.

మూడవది, అందరి మాట. నాగర్‌కర్నూలు కేసరిసముద్రమువంటి చెరువునకు రైతు ఒక్కడే హక్కుదారుడు కాడు. రైతు నీరు వదలుమనును. చేపలు పట్టువాడు కొంత నిలుపుమనును. పశువులకాపరి వేసవికి మిగుల్చుమనును. ఈ పొరపొచ్చెమును దాచినచో అది పని నడుమ తగవై లేచును. ఎవరికెంతయో, ఈసారి చేయని దేదియో ముందే వ్రాసి అందరును వ్రాలు చేయవలెను.

తుదకు ఆ పత్రమును చావడిలో చదివింపుడు. విన్న ఇద్దరిని వేరువేరుగా పిలిచి అర్థమడుగుడు. ఇద్దరును ఒక్కమాట చెప్పినచో పత్రము స్పష్టము; లేనిచో కలము మరల చేతబట్టవలెను. కాగితముపై దిద్దుటకు సిరాయే ఖర్చు. కట్టినపిమ్మట దిద్దుటకు ఊరిసొమ్ము ఖర్చు.