పగిలే సొమ్ము

మొహెంజోదారోలో 1926వ సంవత్సరమున బయల్పడి, నేడు ఢిల్లీ జాతీయ సంగ్రహాలయమున అద్దముల వెనుక నిలిచియున్న కంచు బాలిక ఎత్తు 10.5 సెంటీమీటర్లు మాత్రమే. ఒంటిపై నూలుపోగైనను లేదు. మెడలో హారమొకటి, కుడిచేతికి నాలుగు కడియములు, ఎడమచేతికి మాత్రము మణికట్టు మొదలుకొని భుజము దాక క్రిక్కిరిసిన పాతిక గాజులు కలవు. నాలుగువేల యేండ్లకు పూర్వపు ఆ శిల్పి వలువ లేకున్నను సమ్మతించెను గాని, బోసిచేతిని మాత్రము ఊహింపజాలకపోయెను. వస్త్రము చలికొరకును, పాదరక్ష ముండ్లకొరకును పుట్టినవని చెప్పవచ్చును. గాజు ఏ యక్కరకై పుట్టినదని యడిగినచో, చేయి బోసిగా నుండరాదను తలపు తప్ప వేరు సమాధానము దొరకదు.

బంగారమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. నాకిక్కడ పని బంగారముతో గాదు. దాచుకొనుటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని, కూతులకు పంచియిచ్చుటకు గాని అక్కరకురాని, అణాలతో కొని అరక్షణములో పగులగొట్టుకొనదగిన సొమ్మునకు, మన సమాజము బంగారముపై మోపని బరువును ఏల మోపినదను ప్రశ్నయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

సింధునాగరికులు గాజులను కాల్చిన మట్టితో చేసిరి, రాగితో చేసిరి, సముద్రతీరమున దొరకు శంఖమును కంచురంపముతో అడ్డముగా కోసి, లోపలి సుడిని తొలిచి, అంచులు రాచి వలయములుగా తీర్చిరి. కచ్ఛసింధుశాఖ యొడ్డున నాగేశ్వరమను చోట ఆ కార్ఖానాల చిహ్నములు దొరకినవి. హరప్పా శ్మశానవాటికలో స్త్రీల యస్థిపంజరములకు ఎడమ ముంజేతి యెముకను చుట్టుకొనియున్న శంఖపు గాజులు కనబడినవి. చచ్చినవారి చేతినుండియు వానిని తీయలేదన్నమాట. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొన వలయును.

మన సీమలో అమరావతి స్తూపమునకు అలంకారమైన శిల్పములందలి కాంతలు ముంజేతుల నిండ వరుసలు వరుసలుగా గాజులు తొడిగినవారే. గాజులమ్మినవారి పేరు ఊళ్లకును ఇండ్లకును నిలిచిపోయినది: హైదరాబాదు చెంగట గాజులరామారము కలదు, 1844లో ‘క్రెసెంట్’ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పి కుంపిణీ దొరతనమును నిలదీసిన లక్ష్మీనరసు శెట్టిగారి యింటిపేరు ‘గాజుల’. దక్షిణదేశమున రాజకీయ సంఘమునకు తొలి పలుకు పలికినవారి యింటిపేరు, ఆడవారి చేతి సొమ్మునుండి వచ్చినదగుట నాకెంతయు ముచ్చట గొలుపును.

పత్తొమ్మిదవ శతాబ్ది చివర మన యాడబిడ్డలు ‘మట్టి గాజు’లని తొడిగినవానిలో అధికభాగము ఈ నేలపై చేసినవి కావు. నేటి చెక్ దేశములోని యాబ్లోనెట్స్, అనగా నాటి ఆస్ట్రియా సామ్రాజ్యపు గాబ్లోంజ్ పట్టణము, హిందూదేశపు చేతులకొరకే కోట్లకొలది గాజులను ఓడలకెక్కించెడిది. వరలక్ష్మీవ్రతమునాడు ముత్తైదువ చేతిలో ఉంచిన గాజు బొహీమియా కొలిమిలో పుట్టినదని ఇచ్చినవారికి తెలియదు, పుచ్చుకొన్నవారికి తెలియదు. వ్రతఫలమునకు మాత్రము లోటు రాలేదు. 1914 నాటి మహాయుద్ధముతో ఆ రాకడ నిలిచిపోయెను. ఆ సందున జపాను సరుకు దిగినది. ఆగ్రాకు తూర్పున ఉన్న ఫిరోజాబాదు లేచి నిలిచినది.

ఫిరోజాబాదు కొలిమి పనితనము వినదగినది. ఇసుక, సోడా, రంగునిచ్చు లోహభస్మములు కరగి ముద్దయైన గాజును ఇనుపకడ్డీ కొనకు అంటించి వెలికి తీయుదురు. దానిని సాగదీసి, నిప్పుల చెంత గిరగిర తిరుగుచున్న పొడవాటి కడ్డీపై చుట్టబెట్టగా, అది తీగచుట్టవలె సుడులు సుడులుగా పేరుకొనును. చల్లారిన చుట్టను నిలువునా గీచినచో, కొసలు కలియని నూర్ల గాజులు ఒక్క పెట్టున రాలిపడును. అసలు పని అప్పుడు మొదలు. కొసలు కలియని ఆ గాజులను త్రాళ్లకు గ్రుచ్చి ఇండ్లకు పంపుదురు. అక్కడ స్త్రీలును, తఱచు బాలలును, కిరసనాయిలు దీపపు మంటలో ఒక్కొక్కదానిని కాచి, రెండు కొసలు నొక్కి అతుకుదురు. తాజమహలు పాలరాతికి పొగ తగులరాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుతో కొలుములు బొగ్గు విడిచి సహజవాయువునకు మారినవి. ఇండ్లలోని చిన్నమంటల పొగ పాలరాయి దాక పోదు గదా, అది పీల్చువారి రొమ్ములోనే నిలిచిపోయెను.

హైదరాబాదు లాడ్ బజారు గాజు వేరు జాతి. 1591లో వెలసిన చార్మినారుకు పడమటగా సాగు ఆ వీధిలో అమ్ముడుపోవునది లక్క గాజు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై సన్నని పురుగులు విడుచు జిగురే లక్క. పనివాడు బొగ్గుకుంపటి ముందు కూర్చుండి, కాగిన లక్కముద్దను పలకపై దొర్లించి కడ్డీ చేయును; దానిపై రంగులక్క పూసి, వంచి, కొసలు కలిపి, కొయ్య అచ్చుకు ఎక్కించి గుండ్రపరచును. పిమ్మట చిమటాతో అద్దపు తునకను, తళుకురాతిని ఒక్కటొక్కటిగా ఎత్తి, లక్క ఇంకను వెచ్చగా ఉండగనే అదుమును. చల్లారెనా, రాయి కూర్చొనదు, మరల కుంపటికి చూపవలసినదే. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపుతో కూలి ఏ మాత్రము పెరుగునో వేచి చూడవలయును. నాకు పెద్ద యాశ లేదు.

గాజు కొలత యందును ఒక సొగసున్నది. అంగడిలో ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’, ‘రెండు ఎనిమిది’ యందురు. రెండంగుళములపై పదునారింట నాలుగు, ఆరు, ఎనిమిది పాళ్లని దాని యర్థము. మీటర్లు వచ్చి ఇన్నేండ్లయినను గాజు అంగుళము విడువలేదు. అయినను మలారము భుజాన వేసికొని వీధులు తిరిగిన పాతకాలపు గాజులవానికి కొలబద్ద అక్కరలేదు. అరుగుపై కూర్చుండి, చేయి పట్టి, బొటనవ్రేలి మొదటి కీలును ఒక్కమారు నొక్కి చూచి, ‘అమ్మా, మీకు రెండు నాలుగే’ యనును. నాలుగు వ్రేళ్లను దగ్గరకు చేర్చి, బొటనవ్రేలిని అరచేతిలోనికి మడిచి, ఎముక కుదురుకొను ఆ ఒక్క త్రుటిలో గాజును మణికట్టునకు జార్చును. తొడుగునప్పుడు చిట్లిన గాజు నష్టము అతనిదే. దానికి పైకము అడుగరాదు. పరపురుషుని కంట పడరాదను ఘోషా యిండ్లలో సైతము, చేయి పట్టుకొను చనువు ఇతనికి మాత్రము ఉండెడిది.

చేతికి పదితులముల బంగారమున్నను, శ్రీమంతమునాడు దాని నడుమ మట్టి గాజులు ఉండితీరవలయును. కార్తీక శుద్ధ విదియనాడు బెజవాడ కనకదుర్గమ్మకు సైతము లక్షలకొలది గాజులతో అలంకారము జరుగుచున్నది. బంగారము తండ్రి కలిమిని, అత్తింటి లెక్కను చెప్పును. అది చేతులు మారగలదు. కాకినాడకు గాంధీ వచ్చినప్పుడు, పన్నెండేండ్లు నిండీనిండని దుర్గాబాయి తన బంగారు గాజులు తీసి ఆయన చేతిలో నుంచెను. మట్టి గాజును అట్లు ఎవరికీ ఈయజాలము, అమ్మజాలము. అది తొడిగినవారి మణికట్టునే యుండును, లేదా పగులును. ఆ పగులుటనే పెద్దలు పట్టుకొని దానికొక కర్మ కల్పించిరి.

భర్త పోయిన పదవనాడు ఆ స్త్రీకి పుట్టింటివారు చీర పెట్టుదురు, పూలు ముడుచుదురు, ముంజేతులు నిండ గాజులు తొడుగుదురు. పిమ్మట తెల్లవారకమున్నే, ఊరు లేవకమున్నే, ఆ చేతులను పట్టుకొని ఆ గాజులను పగులగొట్టుదురు. పగులగొట్టునది మగవాడు గాదు. ఆ తంతు ముందే తన చేతులపై జరిగిన మరియొక వితంతువు. హరప్పావారు చచ్చినదాని చేతినుండియు తీయని గాజును మనము బ్రతికియున్నదాని చేతినుండి తీసితిమి. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గౌరమ్మయను బాలవితంతువునకు పెండ్లి చేయించినప్పుడు, ఆమె చేతులు మరల గాజులకు నోచినవి. ఊరు ఆయనను వెలివేసినది.

మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడ్ గ్రామము, 2022 మే నెలలో, భర్త పోయినవారి గాజులు పగులగొట్టుట, కుంకుమ చెరపుట, మంగళసూత్రము తెంపుట మొదలగువానిని నిషేధించుచు పంచాయతీలో తీర్మానము చేసెను. కొద్ది దినములకే ఆ రాష్ట్ర ప్రభుత్వము తక్కిన పంచాయతీలును ఆ బాట పట్టవలసినదని ఉత్తరువు పంపెను. అది హితవే గాని శాసనము గాదు. వినకున్న దండన లేదు. మన రెండు తెలుగు రాష్ట్రములందును పంచాయతీలు వేలకొలది కలవు. గ్రామసభలును జరుగుచునే యున్నవి. ఈ తీర్మానమునకు కావలసినది ఒక కాగితము, కొన్ని సంతకములు.